ఆల్బం నడుస్తున్నది, నోర్మూసుకో!

ఆల్బం నడుస్తుండగా ఎవరైనా నోరు తెరిచి మాట్లాడితే మా జగదీశ్వరన్న సహించడు. మాట్లాడింది బంధువా, బీమా ఏజెంటా, కుంకుమ భరిణె పట్టుకుని పేరంటానికి పిలవడానికొచ్చిన ముత్తయిదువలా అన్న తేడా ఆయనకు లేదు. సొంత బామ్మర్ది కొత్త మోటారు సైకిల్ కొని, సంతోషం పట్టలేక మిఠాయి డబ్బాతో వచ్చి, గుమ్మంలో నిలబడి "బావా" అన్నాడు, పాపం. అంతే. మిఠాయి డబ్బా లోపల, బామ్మర్ది బయట.

గోదావరిఖనిలో బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్ ఆయన. మామూలుగానే కోపిష్టి. మొదటి షిఫ్టుకు పోతూ సైకిల్ స్టాండు మీద కోపం, దారిలో కుక్కల మీద కోపం, బాయి దిగాక తడిసిన కేబుళ్ల మీద కోపం, పైకొచ్చాక ఎండ మీద కోపం. కానీ అవన్నీ చిల్లర కోపాలు. అసలు కోపం సాయంత్రం అయిదింటికి స్నానం చేసి, లుంగీ కట్టి, సీడీ పెట్టాక మొదలయ్యేది.

ఆయన వినేది మన పాటలు కావు. అట్మాస్ఫెరిక్ బ్లాక్ మెటల్. ఎక్కడో మంచు దేశాల వాళ్లు గిటార్లు వాయిస్తూ, డ్రమ్ములు బాదుతూ, కొండ అవతల నుంచి కేకలు వేసే సంగీతం. ఒక్కో పాట పది పన్నెండు నిమిషాలు. లక్ష్మీనగర్‌లో నాకు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది కాబట్టి ఈ పేరు నాకు తెలుసు. ఈ పిచ్చి పుట్టింది కూడా నా సెంటర్‌లోనే.

అప్పటికి ఊళ్లో ఇంకా ఇళ్లలోకి ఇంటర్నెట్ రాలేదు. జగదీశ్వరన్న తన బామ్మర్ది పరీక్షా ఫలితం చూసుకోవడానికి వచ్చాడు. నేను వెతుకుతుంటే పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆ కంప్యూటర్ దగ్గర అప్పటిదాకా కూర్చున్న ధరణి ఫోనొచ్చి బయటికి వెళ్లింది. సర్వే ఆఫీసరు కామేశ్వరరావు గారి అమ్మాయి, ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకు వచ్చింది. ఆమె వదిలివెళ్లిన హెడ్‌ఫోన్‌లోంచి ఏదో గరగర వినిపిస్తుంటే, కనెక్షన్ లూజుగా ఉందేమో చూద్దామని ఎలక్ట్రీషియన్ బుద్ధికొద్దీ చెవికి పెట్టుకున్నాడు.

ఇక తీయలేదు. నేను రెండుసార్లు పిలిచాను. ధరణి తిరిగొచ్చి నిలబడింది. "అంకుల్, అది నాది" అంది. ఆయన చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. మొత్తం అయ్యాక హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, మా ఇద్దరి మీదా విరుచుకుపడ్డాడు.

"గిసొంటిది ఒకటుంటదని నాకు ఇన్నేండ్లు ఎవ్వడు చెప్పలేదేంది? ఏం చేస్తున్నరే మీరంత? తిరుమలా, నువ్వు గింత పెద్ద దుకాణం పెట్టుకోని కూసున్నవ్, ఒక్కనాడన్న చెప్పినవా?"

"నాకే తెల్వదన్నా."

"తెల్వకుంటే మరి ఎందుకు పెట్టినవ్ దుకాణం?"

బామ్మర్ది పాసైన సంగతి ఆయనకు మరునాడు చెప్పాల్సి వచ్చింది.

అప్పటి నుంచి ధరణి పేర్లు చెప్పడం, నేను సీడీలు చేసి ఇవ్వడం. ఒకసారి నా కంప్యూటర్ తన తెలివి చూపించి పాటల్ని అక్షర క్రమంలో పేర్చింది. జగదీశ్వరన్న మరునాడు షిఫ్టు దిగి, నెత్తి మీద హెల్మెట్ తీయకుండానే, బొగ్గు ముఖంతో సెంటర్‌కు వచ్చాడు. నెట్ చూసుకుంటున్న వాళ్లంతా లేచి నిలబడ్డారు.

"కాళ్లు తీస్కపోయి తలకాయ మీద పెట్టినవ్ గదరా! చివరిది మొదట్ల ఉన్నది. మనిషి ఇంట్లకు రాకముందే ఇంట్లకెళ్లి ఎల్లిపోయిండు!"

"ఏ పాటైతే ఏందన్నా, అన్నీ ఒక్క తీర్గనే ఉన్నయి గదా."

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. ఆయన స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"బాయిల ఎట్ల దిగుతవ్ నువ్వు? దిగంగనే బొగ్గు కనవడ్తదా? ముందుగాల వెనుకకెళ్లి ఎల్తురు పోతది. అటెనుక గాలి మారుతది. చెవులు దిమ్మెక్కుతయి. గప్పుడు గాని నీ కాళ్లు నీకు దారి చూపెట్టయి. ఆల్బం గూడ గంతే. మొదటి పాట నీ ఎల్తురు గుంజుకోవాలె. రెండోది నీ గాలి మార్చాలె. ఇగ మూడోదాంట్ల నువ్వు యాడున్నవో నీకు తెల్వద్దు. మధ్యల ఒక్క పాట తీసి వింటే ఏమొస్తది? బాయిలకెళ్లి ఒక బొగ్గు పెళ్ల తెచ్చి టేబుల్ మీద పెట్టుకున్నట్టు!"

ఆయన చెబుతుంటే, కోపంగా చెబుతున్నా సరే, వినబుద్ధి అయ్యేది. నా సెంటర్‌లో వాళ్లంతా ఆ పూట తమ పనులు మానేసి విన్నారు. చివర్లో ఒకాయన "పాట ఒకటి పెట్టరాదే, ఇందం" అన్నాడు. "పాట కాదురా, ఆల్బం!" అని జగదీశ్వరన్న ఆయన మీదకు లేచాడు.

ఇంట్లో అనసూర్యక్కది వేరే పోరు. జగదీశ్వరన్న భార్య ఆమె. నోట్లో మాట దాచుకునే మనిషి కాదు.

"అట్మాస్ఫెరికంటె ఏందయ్య?" అని అడిగింది మొదట్లో.

"వాతావరణం."

"అంటే వాన పడ్తదా?"

"పడ్తది! జర చెవులు పెట్టి ఇను. గా గిటారు చూసినవా, ఎంత జల్దిగ కొడుతున్నడంటే దెబ్బకు దెబ్బ తెల్వది. రేకుల మీద వాన పడ్డప్పుడు చినుకులు లెక్కబెడ్తవా? అంత ఒక్కటే చప్పుడైతది. ఆ చప్పుడు లోపల ఇంకోటి మెల్లగ పాడుతది. గది దొర్కాలె నీకు."

"నాకైతే గిన్నెలు తోమినట్టు దొర్కుతున్నది."

అప్పుడు ఆ క్వార్టర్‌లో రేగిన గొడవ ఆల్బం కంటే గట్టిగా ఉందని ఆ క్వార్టర్ల లైను మొత్తం ఒప్పుకుంది. కుక్కర్ విషయంలో మాత్రం ఇద్దరూ రాజీకి వచ్చారు. ఆల్బంలో మెత్తటి భాగం నడిచేటప్పుడు విజిల్ వస్తే ఆయనకు పిచ్చెక్కేది. "అయితే ఉడకని పప్పు తిను" అని ఆమె తేల్చేసింది. ఇక ఆయనే లోపలి నుంచి అరిచేవాడు: "అనసూర్యా! గిప్పుడు లొల్లి మొదలైతది, కుక్కర్ పెట్టు జల్ది!" ఆమె చేతిలో పని వదిలేసి పొయ్యి దగ్గరకు పరుగెత్తేది. "గీ మంచు దేశపోళ్ల తీరు జూసి నేను పప్పు ఉడకబెట్టుకోవాల్నా" అని తిడుతూనే, ఏ ఆల్బంలో ఎక్కడ లొల్లి వస్తుందో ఆమెకూ నోటికొచ్చేసింది.

మే నెలలో మా రామగుండం వైపు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆ ఎండలో ఆయన కళ్లు మూసుకుని, అడవుల్లో మంచు కురుస్తున్న సంగీతం వింటూ, మోకాళ్లు దగ్గరికి ముడుచుకునేవాడు. ఒకరోజు అనసూర్యక్క మంటెత్తిపోయి ట్రంకుపెట్టె తెరిచి గొంగడి తెచ్చి ఆయన మీద పడేసింది. ఆయన కళ్లు తెరవకుండానే దాన్ని భుజాల చుట్టూ సర్దుకున్నాడు.

కామేశ్వరరావు గారు ఆ ఇంటికి రావడం మొదలుపెట్టింది కూడా ఆ ఎండాకాలమే. కాకినాడ వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే జుట్టు తెల్లబడిన మనిషి. తంబురా శ్రుతి వినందే కాఫీ తాగడు. ఆయన బాధల్లా కూతురు ధరణి చెవుల్లో ఏం పెట్టుకుని వింటోందో తెలియకపోవడం. ఆమెను అడిగితే "మీకు నచ్చదు నాన్నా" అని ఊరుకుంటుంది. అందుకని నన్ను వెంటబెట్టుకుని జగదీశ్వరన్న ఇంటికి వచ్చాడు.

కూర్చున్నాం. ఆల్బం మొదలైంది. కామేశ్వరరావు గారు కాసేపు మొహమాటంగా తల ఊపి, "రికార్డింగు సరిగా కుదిరినట్టు లేదండీ. ఆ గాయకుడు మరీ దూరంగా వినిపిస్తున్నాడు. మాట తెలియడం లేదు" అన్నాడు.

నేను కళ్లు మూసుకున్నాను. పిడుగు పడింది.

"మాట తెల్వద్దు సార్! తెలిస్తే వాడెవడో తెలుస్తది, ఏ ఊరోడో తెలుస్తది. తెల్వకుంటె గది ఎవ్వరి ఏడుపన్న కావచ్చు. మీదన్న కావచ్చు, నాదన్న కావచ్చు. గందుకే ఆన్ని వెనుక నిలబెట్టిండ్రు. మైకు ముంగట నిలబెడ్తే వాడు నాయకుడైతడు!"

కామేశ్వరరావు గారు బిత్తరపోయి, "నిజమేనండి. ఆలాపనలో కూడా మాట ఉండదు కదా. ఒక్క స్వరం దగ్గరే తిరిగి తిరిగి..." అని ఉత్సాహంగా మొదలుపెట్టాడు.

"నిజమైనా సరే! ఆల్బం నడుస్తున్నప్పుడు చెప్పద్దు!"

ఇద్దరమూ రోడ్డు మీద ఉన్నాం. ఇంత చదువుకున్న మనిషికి ఎంత అవమానమో అని నేను నొచ్చుకుంటుంటే, కామేశ్వరరావు గారు చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ, "పదో నిమిషంలో ఒక స్వరం మారింది, గమనించారా తిరుమల గారూ? అప్పటిదాకా ఒకే చోట తిప్పి తిప్పి, ఒక్క మెట్టు దించాడు. ఒళ్లు జల్లుమంది" అన్నాడు. మరుసటి వారం ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి మాట్లాడలేదు. ఆ తర్వాత కొన్నేళ్లు రావడం మానలేదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముమ్మరమై, సమ్మెలు జరిగి, బాయిలు మూతపడి, ఊళ్లో ఎక్కడ చూసినా జెండాలున్న రోజుల్లో కూడా, ఊరేగింపులో గొంతు చించుకుని వచ్చిన జగదీశ్వరన్నా, ఆఫీసు నుంచి తల వంచుకుని వచ్చిన కామేశ్వరరావు గారూ ఒకే గదిలో, ఒక్క మాట లేకుండా, ఒకే ఆల్బం వినేవారు. ఇదేం స్నేహమో నాకు అర్థమయ్యేది కాదు.

సమ్మె అయిపోయిన మరుసటి ఏడు, శ్రావణంలో, బాయిలో ఒకచోట పైకప్పు కూలింది. ఎల్లేశం పోయాడు. అతనితో జోడీగా పనిచేసే బిక్షం అతని పక్కనే ఉన్నాడు. బిక్షానికి మోచేతి మీద తోలు లేచిపోవడం తప్ప ఏమీ కాలేదు.

బిక్షం ఇల్లు జగదీశ్వరన్న వాళ్ల లైను చివర. పెళ్లి కాలేదు, తల్లి లస్మవ్వతో ఉంటాడు. ఆ ఇంటికి జనం రావడం మొదలైంది. చుట్టాలు, యూనియన్ వాళ్లు, ఆఫీసు వాళ్లు, కెమెరాలు పట్టుకున్న వాళ్లు, ఏ సంబంధమూ లేనివాళ్లు. అందరూ మంచివాళ్లే. అందరూ చాప మీద కూర్చుని, నీళ్లు తాగి, ఒకటే అడిగారు.

"గంత పక్కనే ఉంటివి గద బిడ్డా, మరి నీకెట్ల ఏం గాలే?"

మొదట బిక్షం జరిగింది జరిగినట్టు చెప్పాడు. వచ్చినవాళ్లందరికీ మళ్లీ మళ్లీ చెప్పాడు. తర్వాత సగమే చెప్పాడు. తర్వాత "ఏమో" అన్నాడు. ఆ తర్వాత గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. జనం అప్పుడు లస్మవ్వను అడగడం మొదలుపెట్టారు: "మాట్లాడ్తలేడేంది? ఎప్పటి సంది? తింటున్నడా? లోపట ఏమన్న జరిగిందా?"

నేనూ మా అమ్మతో అక్కడే ఉన్నాను, జగదీశ్వరన్న వచ్చినప్పుడు. గుమ్మంలో నిలబడి గదిని చూశాడు. ఒకాయన బిక్షం భుజం పట్టి తనవైపు తిప్పుకుని అదే ప్రశ్న అడుగుతున్నాడు. జగదీశ్వరన్న చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది.

"బిక్షం! లే. కొత్త ఆల్బం వచ్చింది. నడువు."

గది గదంతా నివ్వెరపోయింది. లస్మవ్వ చేతులు జోడించినంత పని చేసింది. "అయ్యో జగదీశూ, వాడున్న తీరుకు గిప్పుడు పాటలేంది బిడ్డా?"

"పాటలు కాదవ్వా, ఆల్బం!"

బిక్షం మణికట్టు పట్టుకుని లాక్కుపోయాడు. చచ్చిపోయినవాడి దినం కూడా కాలేదు. వెనకాల జనం ఏమన్నారో రాస్తే ఈ కాగితం కాలిపోతుంది. మనిషా, రాయా అన్నారు. మా అమ్మ అయితే ఆయన మొహం చూడనని ఒట్టు పెట్టుకుంది. నాకూ ఒళ్లు మండింది. పిచ్చికి ఒక హద్దుండాలి. మరునాడు మధ్యాహ్నం సెంటర్ మూసేసి, ఏమేం తిట్టాలో దారి పొడుగునా నోట్లో పేర్చుకుంటూ ఆయన ఇంటికి బయల్దేరాను.

నాకంటే ముందే బిక్షం మేనమామలు, వెంట ఒక యూనియన్ లీడరు గుమ్మం దగ్గర ఉన్నారు. జగదీశ్వరన్న గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"ఒక్క మాట అడిగి పోతం, జగదీశ్వర్."

"ఆల్బం నడుస్తున్నది!"

"అరె, మేం మేనమామలం."

"ఆల్బంకు మేనమామలు లేరు! అయినంక రాండ్రి!"

"ఎప్పుడైతది?"

"మస్తు పెద్దది! దసరాకు రాండ్రి!"

వాళ్లు తిట్టుకుంటూ వెళ్లిపోయారు. నేను ఆయన చంక కిందనుంచి దూరి లోపలికి వెళ్లాను. బిక్షం గోడకు ఆనుకుని చాప మీద కాళ్లు చాపి కూర్చున్నాడు. కుర్చీలో కామేశ్వరరావు గారు ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా పేర్చుకున్న తిట్లలో మొదటిది తీద్దామని నోరు తెరిచాను.

అప్పుడు చూశాను. ఫ్యాను తిరగడం లేదు. సీడీ ప్లేయర్ మీద ఎర్ర లైటు లేదు. లైను మొత్తానికి పొద్దుటి నుంచి కరెంటు లేదని దారిలో ఎవరో అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. గదిలో ఒక్క చప్పుడు లేదు. బయట ఎవరో బకెట్‌లో నీళ్లు పోసుకుంటున్నది వినిపిస్తోంది.

నేను జగదీశ్వరన్న వైపు చూశాను. ఆయన నా వైపు గుడ్లురిమి చూసి, పెదాల మీద వేలు పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు: "నడుస్తున్నదన్న గదరా. కూసో."

కూర్చున్నాను. ఆ నిశ్శబ్దంలో బిక్షం మెల్లగా కళ్లు మూసుకున్నాడు. కొంతసేపటికి తల ఒక పక్కకు వాలింది. నిద్రపోయాడు. ఆ ప్రమాదం జరిగాక వాడు కళ్లు మూయడం అదే మొదలని లస్మవ్వ తర్వాత చెప్పింది.

బయటికి వస్తూ కామేశ్వరరావు గారు నాతో అన్నాడు. "ఉద్యమం రోజుల్లో నేను ఎక్కడికి వెళ్లినా ఒకటే అడిగేవారండి, మీరెప్పుడు వెళ్లిపోతారని. కూరల దుకాణంలో, ఆఫీసులో, గుడిలో. అడిగినవాళ్లు కూడా చెడ్డవాళ్లేం కాదు. ఈ ఊళ్లో నన్ను ఏమీ అడగని గది ఇదొక్కటే. సంగీతం కోసం మొదలుపెట్టాను గానీ, ఆ తర్వాత వచ్చింది అందుకే."

"ఆయనకు తెలుసా ఆ సంగతి?"

"మొదట్లో తెలియకపోవచ్చు. ఒకసారి ఎవరో లోపలికొచ్చి నన్ను అదే ప్రశ్న అడిగారు. ఆల్బం అయిపోయి చాలాసేపైంది. అయినా జగదీశ్వర్ గారు 'నడుస్తున్నది' అని ఆయన్ను గెంటేశారు."

గుమ్మంలో గోంగూర ఏరుతున్న అనసూర్యక్క తల ఎత్తకుండానే అందుకుంది. "ఆల్బం పిచ్చి ఉన్నది నిజమే సార్, మీరు మరీ దేవుణ్ని చేయకుండ్రి. పొద్దటి సంది నన్ను గూడ మాట్లాడనిస్తలేడు. ఇంట్ల ఉప్పు అయిపోయిందని సైగలు చేసి చెప్పిన."

బిక్షం రోజూ వచ్చాడు. కరెంటు ఉన్నప్పుడు నిజంగానే ఆల్బంలు నడిచాయి, లేనప్పుడు ఉత్తుత్తివి నడిచాయి. జనం అలిసిపోయి రావడం తగ్గించారు. జగదీశ్వరన్న కోపం మాత్రం తగ్గలేదు. ఇంటింటికీ పోయి, "మళ్లొకసారి వాన్ని ఎట్ల బతికినవని అడిగితే, మీరెందుకు బతికిన్రో నేనడుగుత" అని చెప్పి వచ్చాడని తర్వాత తెలిసింది. అందులో మా ఇల్లు కూడా ఉంది.

వానలు వెనకబట్టిన ఒక సాయంత్రం మేం నలుగురం వింటున్నాం. చాలా పెద్ద గాలివాన లాంటి భాగం అయిపోయి, ఒక్క గిటారు ఒంటరిగా మోగుతోంది. ఆయనకు ప్రాణప్రదమైన చోటు అది. అక్కడ దగ్గు వచ్చినా నేను మింగేసేవాణ్ని.

"ఎల్లేశం గన్క ఈడుంటే," అన్నాడు బిక్షం, "గురక పెట్టేటోడు."

జగదీశ్వరన్న లేచాడు. ప్లేయర్ దగ్గరికి వెళ్లి, ఆయన చేత్తో ఆయనే, ఆల్బం మధ్యలో ఆపేశాడు. వచ్చి బిక్షం ఎదురుగా కింద కూర్చున్నాడు.

"చెప్పు."

బిక్షం చెప్పాడు. ఎల్లేశం బాయిలో సద్ది తిన్న వెంటనే కూర్చున్నచోటే నిద్రపోయేవాడట, ఆ గురక విని ఒకసారి షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ మోటారు చెడిపోయిందనుకుని నివేదిక పంపబోయాడట. బిక్షం నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు, మళ్లీ చెప్పాడు. కామేశ్వరరావు గారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అనసూర్యక్క చాయ్ తెచ్చి తనూ కూర్చుంది. బయట చీకటి పడింది. ఎవరూ ఏమీ అడగలేదు.

చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి బిక్షం అన్నాడు: "అన్నా, కోపం చెయ్యనంటే ఒకటి చెప్త."

"చెప్పరా."

"గీ ఆల్బంలు నాకు ఒక్కటి గూడ నచ్చలే."

జగదీశ్వరన్న చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి. "నచ్చలేదా? గిన్ని దినాలు కూసోని... మరి మొదలే ఎందుకు చెప్పలే?"

"నువ్వు మాట్లాడనిస్తే గద!"

అనసూర్యక్క కొంగు నోట్లో కుక్కుకుంది. కామేశ్వరరావు గారు తన వయసు మర్చిపోయి పగలబడి నవ్వాడు. జగదీశ్వరన్న లేచి నిలబడి మమ్మల్నందర్నీ, మా చెవుల్నీ, మా ముందు తరాల చెవుల్నీ కలిపి తిట్టాడు. గోడ అవతలి వాళ్లు ఏమైందని వచ్చారు. వాళ్లనూ తిట్టాడు.

బిక్షానికి జాలేసినట్టుంది. "గట్ల గాదన్నా," అన్నాడు, బుజ్జగిస్తూ. "ఇయ్యాల పెట్టినదాంట్ల మూడో పాట జర నయమే."

"మూడోది యాడున్నదిరా దాంట్ల?" జగదీశ్వరన్న గొంతు లైను చివరిదాకా వినిపించింది. "నువ్విన్నది రెండోదేరా! గది ఇంకా అయిపోలే!"